పూర్ణఘటం పెట్టిన చేతులు

ధరణికోట వెళ్ళి వచ్చానంటే మా యింట్లో ఎవరూ నమ్మలేదు. "అమరావతి వెళ్ళి అమరేశ్వరుడి దర్శనం చేసుకొని వచ్చి వుంటావు. ధరణికోటలో చూడ్డానికి ఏముంది గనక?" అన్నారు మావారు. ఆయన మాటలో అబద్ధం లేదు. అమరావతిని ఆనుకొనే వున్న వూరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పొలాలు, ఇళ్ళు, పాత మట్టికోట గట్టుల ఆనవాళ్ళు, పక్కన కృష్ణ. సినిమా తీసేవాళ్ళు కూడా రెండో రోజుకు ఆగరు.

అయితే ఈ వూరే ఒకప్పటి ధాన్యకటకం. శాతవాహనుల పట్నం. 1960లలో పురావస్తు శాఖవారు తవ్వితే ఇక్కడ పడవల రేవు, నదికి కలిపే కాలువ బయటపడ్డాయి. సముద్రం మీంచి సరుకు ఈ గట్టుకు వచ్చేదన్నమాట. ఆ డబ్బుతోనే, ఆ భక్తితోనే, పక్కనే అమరావతి మహాస్తూపం లేచింది.

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. అంటే రాజుల పేర్లు వరసగా అప్పజెప్పాను. గౌతమీపుత్ర శాతకర్ణి తరవాత ఎవరంటే ఠక్కున చెప్పేదాన్ని. ఆ స్తూపాన్ని కట్టింది రాజులొక్కరే కాదని, రాళ్ళ మీద చెక్కివున్న పేర్లు ఎక్కువగా మనలాంటి వాళ్ళవేనని మాకు ఏ మాస్టారూ చెప్పలేదు. ఆ శాసనాల్లో గృహిణులున్నారు, భిక్షుణులున్నారు, కూతుళ్ళతో కోడళ్ళతో కలిసి ఒక రాతిపలక దానం చేసిన తల్లులున్నారు. మనం ఇప్పుడు గుడిలో ఫ్యాను కొనిచ్చి దాని రెక్క మీద పేరు రాయించుకోవటం లేదూ? అలాంటిదే అనుకోండి. కాకపోతే వాళ్ళ ఫ్యాను పద్దెనిమిది వందల యేళ్ళు నిలిచింది!

ఆ పేర్లలో ఒకటి నన్ను పట్టుకొని వదల్లేదు. విధికుడు. వృత్తి: చర్మకారుడు. తోలుపని చేసేవాడు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను సమర్పించాడు. శాసనం అంతే. రెండు వాక్యాలకు మించదు.

మళ్ళీ ఒకసారి చదవండి. తోలుపని చేసే మనిషి. అతని తండ్రి ఉపాధ్యాయుడు. అతను పెట్టింది పూర్ణఘటం, మంగళకరమైన వాటిలో కెల్లా మంగళకరమైనది. ఆ పలకను తీసుకొని స్తూపానికి అమర్చారు. అతని పేరుతో పాటు వృత్తి కూడా దాచకుండా చెక్కారు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పాల ఒరవడిలో రాష్ట్ర చిహ్నం తయారు చేయించుకుంటే దాని నడుమ నిలిచింది కూడా పూర్ణఘటమే. ఈసారి ఏ సర్కారు కాగితమైనా చేతికొస్తే ఒక్క క్షణం ఆగి ఆ బొమ్మ చూడండి.

మ్యూజియంలో అలాంటి పలక ముందు నిలబడి నేను ఆలోచించింది విధికుడి గురించి మాత్రమే కాదు. ఆ రోజు ఆరామంలో పెద్దగా వున్న భిక్షువు ఎవరో ఒకరుండాలి గదా? "తోలుపని వాళ్ళ రాయి మనకెందుకు?" అనకుండా "తీసుకురండి, ఇక్కడ పెడదాం" అన్న మనిషి. ఆయన పేరు ఏ రాతి మీదా లేదు. కానీ ఆయన ఆ మాట అన్నాడు గనకనే విధికుడి పేరు మిగిలింది.

ఈ మధ్య మా అమ్మాయి కంపెనీలో రెండు రోజులు ఏదో శిక్షణ ఇచ్చారు. సృజనాత్మక నాయకత్వమట, అంతఃస్ఫురణ కలిగిన నాయకత్వమట. "అంటే ఏం చేయాలే?" అని అడిగితే, "ఎవరికీ తట్టనిది నీకు తట్టాలమ్మా, తట్టినదాన్ని పని చేసి చూపించాలి" అంది. బాగానే చెప్పింది. ధరణికోటలో నిలబడితే ఆ మాట గుర్తుకొచ్చింది. ఆ వెంటనే ఇంకో చర్మకారుడూ గుర్తుకొచ్చాడు. ఈయన బౌద్ధారామంలో కాదు, క్రైస్తవ సంఘంలో కనిపిస్తాడు. విధికుడికి పదహారు వందల యేళ్ళ పైన, మనకు నూట అరవై యేళ్ళ కిందట.

గుంటూరు, పల్నాటి సీమలకు మిషనరీలు కొత్త కాదు. లూథరన్ ఫాదర్ హయ్యర్ 1842లోనే గుంటూరు వచ్చి, తరవాత గురజాల దాకా వెళ్ళి పనిచేశారు. నేను చెప్పబోయేది ఇంకాస్త దక్షిణంగా, ఒంగోలులో, గుండ్లకమ్మ ఒడ్డున జరిగిన కథ.

అక్కడ అమెరికన్ బాప్టిస్టుల మిషన్ యేళ్ళ తరబడి పైకీ రాలేదు, కిందికీ పోలేదు. ఖర్చు దండగ, మూసేద్దామని అమెరికాలో పెద్దలు పలుమార్లు తర్జనభర్జన పడ్డారు. 1854 జనవరి 1న, తెల్లవారుతుండగా, ఐదుగురు మనుషులు ఒంగోలు కొండెక్కి ఈ వూరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. జూయెట్ దొర, ఆయన భార్య, నరసు అనే క్రైస్తవుడు, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళని గమనించారా? ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే తలుచుకొంటారు. వాళ్ళడిగిన మనిషి రావటానికి పన్నెండేళ్ళు పట్టింది.

1866లో వచ్చిన ఆ మనిషి జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వాళ్ళ నోట క్లౌ దొర. ముప్ఫై యేళ్ళవాడు. కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో గొలుసు లాగి భూములు కొలిచిన సర్వే పనివాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

క్లౌ దొరకూ మొదట అందరికీ వుండే ఆశే వుంది. వూళ్ళో పెద్ద కులాలవాళ్ళు ముందు వస్తే మిగతావాళ్ళు వాళ్ళే వస్తారని. బ్రాహ్మణులే వచ్చి మా పిల్లలకు బడి పెట్టమని అడిగారు. బడి పెట్టారు, పిల్లలు వచ్చారు, దొర మురిసిపోయారు. సరిగ్గా అప్పుడు నలభై మైళ్ళ అవతల తాళ్ళకొండపాడు నుంచి వచ్చాడు యెర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద వూళ్ళు తిరిగేవాడు. అయితే అతను దొర దగ్గర భక్తి నేర్చుకోవటానికి ఖాళీ చేతులతో వచ్చినవాడు కాడు. అంతకు ముందే బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర యోగం అభ్యసించాడు. తనకూ శిష్యులున్నారు. దేవుడు ఒక్కడే, రాయిలో లేడు, అనే మాట అతని నోట అప్పటికే నలిగిన మాట. తోళ్ళ కోసం ఏలూరు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ ద్వారా క్రీస్తు సంగతి విన్నాడు. నేను వెతుకుతున్నది ఇదే అనుకొన్నాడు. ఒంగోలుకు దొర వస్తున్నాడని తెలిసి, భార్య నాగమ్మతో కలిసి వచ్చి బాప్తిస్మం తీసుకొన్నాడు.

తిరిగి వెళ్ళి వూరుకోలేదు. వూరూరా తిరిగి తనవాళ్ళకు చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడు వెళ్ళి డేరా వేసేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం సద్దిమూటలు కట్టుకొని, బట్టలు సర్దుకొని, నాలుగు రోజులు వుండి నేర్చుకు పోదామని వచ్చి కూచున్నారు. వాళ్ళందరినీ సిద్ధం చేసింది పేరయ్య. జనవరి 20న ఇరవై ఎనిమిది మందికి బాప్తిస్మం ఇవ్వటం మాత్రమే దొర పని అయింది.

ఇక ఒంగోల్లో గొడవ మొదలైంది. వాళ్ళు వస్తే మా పిల్లలు రారన్నారు పెద్ద కులాలవాళ్ళు. అన్నట్టే బడి ఖాళీ అయింది. దొర దిగాలు పడ్డారు. ఏం చేయాలి? పెద్దింటి పిల్లలను నిలుపుకోవాలా, తోళ్ళవాళ్ళను కాసేపు ఆగమనాలా?

ఆ రోజు జరిగింది క్లౌ తరవాత తన జ్ఞాపకాల్లో చెప్పుకొన్నారు. ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ వేరే గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకే చోటు కంటబడింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు గొప్పవాళ్ళను గాక లోకం తక్కువగా చూసేవాళ్ళను ఏరుకొన్నాడని పౌలు చెప్పే చోటు. భార్యాభర్తలిద్దరూ బయటికి వచ్చి చెప్పుకొని నిర్ఘాంతపోయారు. దేవుడి మాట అని వాళ్ళు నమ్మారు. కాకతాళీయం అని మీరనవచ్చు. నాకు మాత్రం ఇంకోటి అనిపిస్తుంది. మనకు లోపల తెలిసీ ఒప్పుకోని సంగతి వుంటుంది చూడండి, దానికి సాక్ష్యం ఒక్కటి దొరికితే చాలు, ఒప్పేసుకొంటాం. ఏ సంబంధం మంచిదో తల్లికి ముందే తెలిసినట్టు. ఆ ఇద్దరికీ పేరయ్య ముఖం చూసినప్పుడే తెలిసి వుంటుంది. కానీ ఒప్పుకోవటానికి ధైర్యం కావాలి, అందులోనూ ఇద్దరికీ ఒకేసారి రావాలి. చాలా సంసారాల్లో అదే రాదు!

తోళ్ళవాళ్ళను కాదనలేదు. పేరయ్యలాంటి గురువులను పక్కకు నెట్టలేదు, వాళ్ళ పల్లెల్లోనే వాళ్ళను బోధకులుగా వుండనిచ్చారు. కొత్తగా చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినటానికి తేలిక. కానీ కోతల కాలంలో ఆదివారం పనికి రానంటే ఆసామి వూరుకొంటాడా? జాతరకు డప్పు కొట్టనంటే వూరు వూరుకొంటుందా? గింజలు ఆగిపోయాయి, బావులు మూతబడ్డాయి, దొంగ కేసులు పెట్టారు. దొర బంగళాలో పెట్టిన నియమానికి పల్లెలో వెల కట్టినవాళ్ళు ఆ మాదిగ కుటుంబాలు. ఆదివారం నాడు పొయ్యి మీద ఏం పెట్టాలో తెలియక కూచున్నది అక్కడి ఆడవాళ్ళే గదా.

తరవాత 1876లో కరువు వచ్చింది. 1878 దాకా వదల్లేదు. మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చచ్చిపోయారు. సర్కారు సహాయపు పనులు పెట్టిందిగానీ, రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877లో కూలిని ఒక పౌను గింజలకు, మీద ఒక అణా డబ్బుకు తగ్గించాడు. ఒక పౌను అంటే అర కిలో కూడా కాదు. రోజంతా మట్టి మోసిన మనిషికి! అదీగాక, పనుల దగ్గర మేస్త్రీలు, పైవాళ్ళు తమను కొడతారని, కూలి కాజేస్తారని తక్కువ కులాలవాళ్ళు అక్కడికి పోవటానికే భయపడ్డారు.

గంజి పోసి పాటలు పాడించి పంపవచ్చు. చాలామంది చేసేది అదే. క్లౌ దొరకు ఇంకోటి తట్టింది. అప్పుడు మద్రాసు నుంచి కృష్ణా డెల్టా కాలువలకు కలుపుతూ బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. అందులో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తానే తీసుకొన్నారు! మతబోధకుడు కాలువ కాంట్రాక్టరయ్యాడు. పాత సర్వే విద్య ఇప్పుడు పనికొచ్చింది. సుమారు ముప్ఫై మంది తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. తాటాకు గుడిసెలు వేశారు. వేలమంది వచ్చారు. మగవాళ్ళు గడ్డపారలతో తవ్వుతుంటే ఆడవాళ్ళు తట్టలతో మట్టి మోశారు. కొట్టే మేస్త్రీ లేడు. కూలి సరిగ్గా ముట్టింది. సాయంత్రం కాస్త నడుం వాల్చినప్పుడు అదే మేస్త్రీ పక్కన కూచుని, బరువు మోసి అలిసినవాళ్ళను రమ్మని క్రీస్తు పిలిచిన సంగతి చెప్పేవాడు. నెత్తిన తట్ట దింపి కూచున్న మనిషికి ఆ మాట ఎలా తగిలి వుంటుందో వేరే చెప్పాలా?

ఇక్కడే నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. మమ్మల్ని కలుపుకోండి అని కాలువ దగ్గరే జనం అడిగితే ఆయన కలుపుకోలేదు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సంఖ్యలు చూపించి అమెరికా నుంచి చందాలు తెప్పించుకోగలిగిన రోజుల్లో!

వానలు పడ్డాయి. పనులు ఆగాయి. ఇక డబ్బు లేదు, పొలాలకు పొండి అని చెప్పారు. 1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర జనం వేలుగా వచ్చి కూచున్నారు. మీ డబ్బు మాకు వద్దన్నారు. చేతులు చాపి బొబ్బలు చూపించారు. కష్టపడి తిన్నాం, ఇకముందూ కష్టపడతాం, పంట పోయి చచ్చినా సరే మమ్మల్ని చేర్చుకోండి అన్నారు. ఆ బొబ్బల ముందు దొర దగ్గర జవాబు లేకపోయింది.

జులై 3న ఒక్కరోజులో 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగింది. ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీళ్ళలో నిలబడితే మిగతావాళ్ళు సేద తీరటం, మళ్ళీ మార్చుకోవటం. పొద్దున్న మొదలై, మధ్యాహ్నం కాస్త ఆగి, చీకటి పడేదాకా. క్లౌ దొర నీళ్ళలో దిగలేదు. ఆ యేడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఇంతటితో శుభం కార్డు వేసెయ్యటం నాకు తేలికే. నవలలు రాసేదాన్ని. కానీ చరిత్రలో శుభం కార్డుండదు. అంతమందిని ఒకేసారి చేర్చుకొన్నందుకు తోటి మిషనరీల్లోనే కొందరు తప్పు పట్టారు. సంఘం పెత్తనం తెలుగువాళ్ళ చేతికి పూర్తిగా రావటానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. కులమూ చర్చి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆగిపోలేదు, చాలాచోట్ల లోపలికొచ్చి వేరే బెంచీ మీద కూచుంది. పల్నాడులోని వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు తన కథానాయకుడిగా చర్మకారుల కులంవాణ్ణే ఎందుకు ఎంచుకొన్నాడో ఆలోచిస్తే తెలుస్తుంది. ఇక మన ఆడవాళ్ళ సంగతా? ప్రార్థన కొండ ఎక్కిన ఐదుగురిలో ముగ్గురం మనమే అయినా, దక్షిణ ఇండియా సంఘంలో ఒక స్త్రీ బిషప్ కావటానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ యేడు నంద్యాలలో పుష్పలలిత ఆ పీఠమెక్కారు. తెలుగావిడే.

క్లౌ దొర 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన పేరు ఒంగోల్లో ఇంకా వినపడుతుంది. పేరయ్య పేరు చర్చి చరిత్రలు చదివేవాళ్ళకే తెలుసు. వీరమ్మ పేరు వాళ్ళలోనూ ఎందరికి తెలుసో! కానీ వరస చూడండి. వీరమ్మకు పేరయ్యలో ఏదో కనిపించింది, గనక నేర్పింది. పేరయ్యకు తనవాళ్ళ ఆకలి ఏమిటో తెలిసింది, గనక నలభై మైళ్ళు నడిచాడు. దొర గొప్పతనమల్లా ఆ వచ్చిన మనిషి తనకన్నా ముందే దారిలో వున్నాడని గుర్తుపట్టటం, బడి ఖాళీ అయినా ఆ గుర్తును వదులుకోకపోవటం.

ధరణికోట నుంచి వచ్చిన రాత్రి నాకు మా నాయనమ్మగారి వూరు గుర్తుకొచ్చింది. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళ్తే నా కాలికి కొలత తీసి కిర్రు చెప్పులు కుట్టి తెచ్చేవాడొకాయన. పెరటి గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. దూరంగా కూచుని, "పాదం ఎట్లా పెరిగిందో చూడండమ్మా" అని నవ్వేవాడు. దాహమంటే నాయనమ్మ పైనించి నీళ్ళు పోసేది. దోసిలి పట్టి తాగేవాడు. ఆ దోసిలి నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ మనిషి పేరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పొద్దున్నే మా మేనత్తకు ఫోను చేశాను. ఎనభై యేళ్ళ మనిషి, వూళ్ళో ఎవరి పెళ్ళి ఎప్పుడయిందో తిథులతో సహా చెబుతుంది.

"అత్తయ్యా, మనింటికి చెప్పులు తెచ్చే ఆయన పేరేమిటి?"

"ఎవరూ... ఆ కిర్రు చెప్పులాయనా?" అని చాలాసేపు వూరుకొంది. "ఏమోనే తల్లీ. పేరుతో పిలిచింది ఎప్పుడు గనక?"

ధాన్యకటకంలో ఆ పేరును రాతి మీద చెక్కారు. మేము నోటితో కూడా అడగలేదు.